‘దమ్ము ఉండేది’ అని రాసిన కాగితం

నేను క్లెయిముల గుమాస్తాగా మెదక్ వచ్చింది 1964 నవంబరు 2, సోమవారం. మాది కృష్ణా డెల్టా. అప్పటికి నాకు నలభై ఒకటి. బజారులో ఒక బట్టల దుకాణం మేడ మీద మా ఆఫీసు. కంపెనీ ప్రైవేటుది. తరువాతి కాలంలో ప్రభుత్వం అన్నిటినీ కలిపేసుకున్నప్పుడు అదీ కలిసిపోయింది గనుక పేరుతో పనిలేదు. లారీలకు, దుకాణాలకు చేసే బీమాతో పాటు రుగ్మత పాలసీ అని ఒకటి అమ్మేవాళ్లం. పాలసీ నడుస్తున్న ఏడాదిలో పెద్ద జబ్బు చేసి ఆపరేషను అవసరమైతే దవాఖానా ఖర్చు కంపెనీది. అయితే ఆపరేషనుకు ముందే మా అనుమతి పత్రం పొందాలి. ఆ పత్రం ఇవ్వాలో వద్దో తేల్చే ఫైలు మొదట నా బల్ల మీదికే వచ్చేది.

నా దినచర్య పుస్తకంలో 1966 చివరి పుట మీద ఒక లెక్క ఉంది. ఆ ఏడాది నా చేతి మీదుగా వెళ్లిన ఫైళ్లు అరవై ఒకటి. కాదన్నవి ముప్పై ఎనిమిది. ఆ రెండో అంకె కింద గీత గీసి ఉంది. గీసింది నేనే, తృప్తితో. ఎవరినీ మోసగిస్తున్నానని నాకు ఏనాడూ తోచలేదు. నిబంధనల పుస్తకం ఉంది, ఫైలు ఉంది, రెండూ కలవకపోతే ‘కలవలేదు’ అని రాసేవాణ్ని. వయసు రెండు చోట్ల రెండు విధాలుగా ఉన్నా, కబురు రెండు రోజులు ఆలస్యంగా అందినా, జబ్బు పాలసీకి ముందుదని తేలినా కాదనవచ్చు. మూడోది అన్నిటికన్నా బలమైన కారణం. దాన్ని తేల్చడానికి ఊళ్లకు వెళ్లి విచారించేవాణ్ని.

విచారణ ఎలా చేయాలో చెప్పే సర్క్యులరు ప్రధాన కార్యాలయం నుంచి వచ్చింది. అందులో ఆరో అంశం: ‘సాక్షులతో మాట్లాడునప్పుడు జబ్బు, పాలసీ, క్లెయిము అను మాటలు వాడరాదు.’ ఆ మాటలు వింటే సాక్షి జాగ్రత్త పడతాడని, లోకాభిరామంగా అడిగితే నిజం దానంతటదే బయటికి వస్తుందని వాళ్ల ఉద్దేశం. నేను దానికి మరొకటి జోడించాను. ఇక్కడి వాళ్లు జబ్బులకు వాడే మాటలు మా వైపు వాళ్లకు అర్థం కావు గనుక, విని రాసుకున్నవన్నీ ఒక పట్టికగా చేశాను. జరం అంటే జ్వరం. సర్ది అంటే జలుబు. దమ్ము అంటే ఉబ్బసం. మొత్తం నలభై నాలుగు మాటలు. మా బ్రాంచి మేనేజరు దాన్ని టైపు చేయించి గోడకు అంటించారు.

1967 జూన్ 29, గురువారం నాడు ఒక గిర్ని యజమాని ఫైలు వచ్చింది. బజారు చివర జొన్నలు, గోధుమలు విసిరే గిర్ని ఆయనది. వయసు ముప్పై ఎనిమిది. నిమోనియా తగ్గిన తరువాత ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టింది. సూదితో రెండుసార్లు తీసినా మళ్లీ నిండుతోంది. పక్కటెముక ముక్క కోసి, గొట్టం పెట్టి చీము బయటికి వదలాలని డాక్టరు రాశాడు. ఆయన ఉన్నది ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానా. అక్కడికి ఆపరేషన్లు చేసే డాక్టరు హైదరాబాదు నుంచి గురువారం మాత్రమే వచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకు కారులో తిరిగి వెళ్లేవాడు. రోగిని అరవై మైళ్లు కదిలించి పెద్ద దవాఖానాకు తీసుకుపోవడం ప్రమాదమనీ ఆ కాగితం మీదే ఉంది.

ఛాతీ జబ్బు, పైగా పొద్దస్తమానం పిండి దుమ్ములో పని. పాత రోగమే అయి ఉంటుందని ఫైలు చదువుతూనే అనుకున్నాను. మెదక్ రాకముందు, ఇంకా పాలసీ తీసుకోకముందు, ఆయన నాలుగేళ్లు చేగుంటలో ఒక రైతు కొట్టంలో గిర్ని నడిపాడు. జూలై 4, మంగళవారం నేను చేగుంట బస్సెక్కాను.

ఆ రైతుది నా వయసే. ఎడ్లను విప్పుకొని పొలానికి బయలుదేరుతున్నాడు. గిర్నీ ఆయన నాకు తెలిసినవాడన్నట్టు మాట కలిపాను. సర్క్యులరు ప్రకారం జబ్బు అనే మాట ఎత్తలేదు.

“మీ దగ్గరున్న రోజుల్లో, మెదక్ రాకముందు, ఆయనకు ఏమైనా ఉండేదా?” అని అడిగాను.

“ఏముంటది సారూ?” అన్నాడు ఎద్దు పలుపు సర్దుతూ. “దమ్ముండె. గంతే. ఇంకేం లేకుండె.”

“మొదటి నుంచీ ఉండేదా?”

“పుట్టుకతోనే ఉండె గాయినకు. నడుండ్రి, నాకు పొద్దుపోతుంది.”

‘మెదక్ వచ్చుటకు పూర్వమే, పుట్టుక నుండియు, దమ్ము ఉండేది. మరేమియు లేదు’ అని రాసుకున్నాను. మీతో మాట్లాడినట్టు ఆనవాలు కావాలన్నాను. ఆయన నవ్వి, తడి వేలు పంచెకు తుడుచుకొని ముద్ర వేశాడు. రాసింది చదివి వినిపించమని ఆయన అడగలేదు, నేను వినిపించలేదు. జూలై 8న నోటు పెట్టాను. జూలై 10న నిరాకరణ ఉత్తరం వెళ్లింది. మూడున్నర పంక్తుల ఉత్తరం.

మరునాడు, మంగళవారం, పదిన్నరకు గిర్నీ ఆయన భార్య మెట్లెక్కి వచ్చింది. బురఖా ముసుగు పైకి తీసి, ఉత్తరాన్ని నా బల్ల మీద పెట్టి, దాని మీది నుంచి చెయ్యి తీయలేదు. మా అటెండరు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఈ ఊరివాడే, నోరు ఊరుకోదు.

“పంతులుతోని చదివించిన సారూ,” అంది ఆమె. “మా పిల్లల అబ్బాకు ముందుగాలనే దమ్ముండె అని రాసిండ్రట. గది అబద్ధం. ఆయినకు దమ్ము లేదు. పెండ్లైన కాడికెల్లి పదహారేండ్లు చూస్తున్న. ఎన్నడు లేకుండె.”

“జర మెల్లగ, అమ్మా,” అన్నాడు అటెండరు. “మొగనికి దమ్ము లేదని బజారంత ఇనవడ్తే రేపు గిర్ని కాడికి ఎవడొస్తడు?”

ఆమె గిరుక్కున తిరిగింది. “నవ్వులాటగుందా నీకు? ఆయినకున్న దమ్ముల సగమన్న ఉందా నీకు? రెండు బస్తాలు ఒక్క ఊపుల లేపుతుండె!”

“గదే మరి! ఇప్పుడే లేదంటివి, ఇప్పుడే ఉందంటివి. సారు ఏది రాసుకోవాలె?”

ఒక్క నిమిషంలో, ఒకే మనిషి నోట, ఒకే మాట రోగమూ అయింది, సత్తువా అయింది. ఆ రెండో అర్థం నాకు తెలియనిది కాదు. మా వైపూ అంటారు. కానీ నా మనసులోని ప్రశ్న జబ్బు గురించినది గనుక వచ్చిన జవాబూ జబ్బే అనుకున్నాను. రైతు విన్న ప్రశ్న వేరు. మెదక్ వచ్చి గిర్ని పెట్టేనాటికి ఆ మనిషి చేతిలో ఏముండేదని నేను అడిగినట్టు ఆయన విన్నాడు. ఆస్తి ఏముంటుంది సారూ, దమ్ముండె, గంతే. పుట్టుకతోనే ఉండె.

డాక్టరు ఏమన్నాడని అడిగాను.

“ఎల్లుండి బేస్తారం కోయకపోతే ఇంకో బేస్తారం దాక నాది పూచీ లేదన్నడు. జరం దిగుతలేదు. కూసుంటె ఆయాసం, పండుకుంటె ఆయాసం.” ఉత్తరాన్ని మడిచి లోపల పెట్టుకుంది. “మీరు రాసిండ్రు కద సారూ. మీరే చెప్పుండ్రి నేనేం చెయ్యాలె.”

బేస్తవారమంటే గురువారం. నాకున్నది రెండు రోజులు.

మేనేజరు హైదరాబాదు మనిషి. ఉర్దూలో చదువుకున్నవాడు, తెలుగు మాట్లాడటంలో తొందర లేనివాడు. నా మాట పూర్తిగా విన్నారు. తరువాత ఫైలు తెరిచి ఆ వేలిముద్ర చుట్టూ పెన్సిలు తిప్పుతూ కూర్చున్నారు.

“మీ రాత మీరే తప్పంటున్నరు, గుమాస్తా సాబ్. పక్కా కాగితం ఇది. రేపు ఇంకొకడొచ్చి గట్లనే అంటడు. ఎల్లుండి ఇంకొకడు.”

“ఇది కాగితం తప్పు కాదండీ. నేను అడిగిన తీరులో తప్పు.”

“సర్క్యులరు చెప్పినట్టే అడిగిండ్రు కదా?”

“చెప్పినట్టే అడిగాను.”

“మరింక తప్పేడుంది?” కిటికీ వైపు చూశారు. నేను కదలలేదు. ఆయన ఇటు తిరిగి అన్నారు: “నిరాకరణ ఉత్తరం ఒక్కసారి పోయినంక వాపసు తీసుకొనే తొవ్వ ఒక్కటే ఉంది. గుమాస్తా నిర్లక్ష్యం. సర్క్యులరు పేరు ఎక్కడ రావద్దు. మీ చేతితోని రాసి, మీరు దస్తఖత్ పెట్టాలె. సెప్టెంబరుల ఇన్‌స్పెక్టర్ల ప్రమోషన్ లిస్టు వస్తది, అందుల మీ పేరుంది. యాదుందా?”

ఉందన్నాను.

“గంతే కాదు. ఆ రైతు నా ముందర, నోటితోని చెప్పాలె. బేస్తవారం పదకొండు లోపల. ఇంకో వేలిముద్ర తెచ్చిండ్రనుకో, నేను ముట్ట.”

బుధవారం మళ్లీ చేగుంట వెళ్లాను. పదహారు మైళ్లు, గంటా పది నిమిషాలు. రైతు మోకాలి లోతు బురదలో నారు పంచుతున్నాడు. గట్టు మీద నిలబడి ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను: నేను బీమా కంపెనీ మనిషినని, గిర్నీ ఆయన దవాఖానాలో ఉన్నాడని, మీ మాట వల్ల ఆయన ఆపరేషను ఆగిందని.

ఆయన నారు కట్టను నీళ్లలో వదిలేశాడు.

“నా మాట వల్లనా? నేనేం చెప్పిన?”

“దమ్ము ఉండేదన్నారు. ఉబ్బసం అని రాశాను.”

బురదలో ఉన్న కూలీ ఆడవాళ్లు చేతులాపి చూశారు. “నీ ఇల్లు బంగారం గాను,” అన్నాడు, గొంతు లేవకుండానే. “మంచిగ మాట్లాడుతుండు, సదువుకున్న సారు, గిర్నాయిన దోస్తంటుండు అనుకొని ఏలేసిన. నా ఏలుతోని నా దోస్తు గొంతు పిసుకుతరా?”

“రేపు పదకొండు లోపల వచ్చి మా మేనేజరు ముందు చెప్పండి. అది చాలు.”

“రేపా? నాట్లున్నయి. కూలోళ్లను పిలిచిన. ఇగో, కండ్లవడ్తలేరా?” చేతులు చూపించాడు. “అయినా నేనొచ్చి చెప్తే మల్ల ఇంకోటి రాయరని ఏం నమ్మకం? మల్ల ఏలు అడుగుతవు. నేనెయ్య.”

“వేలు అడగను.”

“నీ మాటనా నేను నమ్మేది?”

గట్టు మీదే నిలబడ్డాను. కూలీల్లో ఒక పెద్దావిడ నడుము ఎత్తి, “ఏం పటేలా, పోయి రారాదు?” అంది. “ఒక్కపూట మేం నాటుకోమా? గాయిన గిర్ని కాడ మేమందరం పిండి వట్టించుకున్నోళ్లమే.” రైతు నారు కట్ట తీసుకొని మళ్లీ వంగాడు. వస్తాడో రాడో తెలియకుండానే నేను తిరుగు బస్సెక్కాను. ఆనాటి దినచర్యలో రాసింది ఒకే ఒక పంక్తి: ‘చేగుంట, రానూపోనూ 32 మైళ్లు. ఫలితం తెలియదు.’

గురువారం, జూలై 13. తొమ్మిదికే ఆఫీసుకు వెళ్లాను. నా తప్పు ఒప్పుకుంటూ రాయవలసిన కాగితం రాశాను. రెండుసార్లు చింపి, మూడోసారి పూర్తి చేశాను. ‘సాక్షి చెప్పిన మాటను సరిగా గ్రహింపక, చదివి వినిపింపక, నా ఊహ మేరకు రాసితిని.’ సర్క్యులరు ప్రసక్తి లేదు. చేగుంట బస్సు పదికి రావాలి. వచ్చింది. అందులో ఆయన లేడని కిందికి వెళ్లి చూసి వచ్చిన అటెండరు చెప్పాడు. పదింబావు. పదిన్నర. మేనేజరు తన గదిలోంచి ఒకసారి తలెత్తి గోడ గడియారం వైపు చూసి, మళ్లీ పనిలో పడ్డారు. దవాఖానా మా మేడ నుంచి ఆరేడు నిమిషాల నడక. డాక్టరు వచ్చి ఉంటాడు. ఆమె ఆ వరండాలో నిలబడి ఉంటుంది.

పదకొండుకు పన్నెండు నిమిషాలుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పిక్కల మీద ఎండిన బురదతో రైతు లోపలికి వచ్చాడు. బస్సు తప్పి, ధాన్యం లారీ మీద వచ్చాడట. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఏ సారు?” అన్నాడు. మేనేజరు గది చూపించాను. నేరుగా వెళ్లి బల్ల ముందు నిలబడ్డాడు.

“మీరేనా పెద్దసారు? ఇనుండ్రి. గాయిన నాలుగేండ్లు నా కొట్టంల ఉండె. ఒక్కనాడు దగ్గలె, ఒక్కనాడు పండలె. దమ్ముండె అన్న. దమ్మంటె ఏంది?” మేనేజరు చెయ్యి పట్టుకొని, దాన్ని మేనేజరు ఛాతీ మీదే పెట్టాడు. “గిదీ. ఈడ ఉంటది. కొందరికుంటది, కొందరికుండది.”

మేనేజరు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నా వైపు చూశారు. నేను నా కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని మొదటి నుంచి చివరి దాకా, అవసరానికి మించి నెమ్మదిగా చదివారు.

“ఇది ఇస్తే వాపసుండది, గుమాస్తా సాబ్.”

“తెలుసండీ.”

అనుమతి పత్రం టైపు కావడానికి పదహారు నిమిషాలు పట్టింది. మేనేజరు సంతకం చేసేసరికి పదకొండూ ఇరవై ఐదు. దాన్ని అటెండరుతో పంపమన్నారు. నేనే తీసుకువెళ్లాను, రైతు నా వెనకే వచ్చాడు.

ఆమె దవాఖానా వరండాలో ఉంది. పత్రం చూపించాను. తీసుకోలేదు.

“చదువుండ్రి,” అంది.

“డాక్టరు వెళ్లిపోతారమ్మా. ముందు లోపల ఇవ్వనివ్వండి.”

“మొదలు చదువుండ్రి సారూ. అందరు ఇనాలె.”

అది ఇంగ్లీషు పత్రం. ఒక్కొక్క వాక్యమే చదివి తెలుగులో చెప్పాను. ‘షరతులకు లోబడి’ అన్న చోట ఆమె ఆపింది. “గదేంది? మల్ల ఏమన్న మెలికుందా?” చికిత్స ఈ దవాఖానాలోనే జరగాలన్నది ఒక్కటే షరతని చెప్పాను. పక్కనున్న రైతు, “ఇంకోపాలి చెప్పు,” అన్నాడు. ఇంకోసారి చెప్పాను. అప్పుడు ఆమె తప్పుకొని దారి ఇచ్చింది. చేతి గడియారంలో పదకొండూ నలభై రెండు.

పన్నెండుంబావుకు గిర్నీ ఆయనను లోపలికి తీసుకుపోయారు. డాక్టరు ఆ రోజు ఒంటిగంటకు వెళ్లలేదు, రెండున్నర దాటింది. వెళుతూ ఆమెతో రెండు ముక్కలు మాట్లాడాడు. దూరంగా నిలబడి ఉన్న నాకు వినిపించలేదు. ఆమె స్తంభానికి ఆనుకొని కూలబడింది. రైతు నా దగ్గరికి వచ్చి, “బతికిండు,” అని చెప్పి, నాట్లకని బయలుదేరాడు.

సెప్టెంబరు లిస్టులో నా పేరు లేదు. పాత ఫైళ్లన్నీ తీసి ‘దమ్ము’ అన్న మాట కోసం వెతికాను. మూడింటిలో దొరికింది. రెండింటికి డాక్టరు కాగితాల ఆధారం కూడా ఉంది. మూడోది నిజాంపేట మనిషిది. నా రాత తప్ప మరో ఆధారం లేదు. ఒక ఆదివారం వెళ్లి అడిగితే, ఆ కుటుంబం ఊరు విడిచి ఏడాది దాటిందన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. గోడ మీద పట్టికను నేనే చింపేశాను. ఎందుకని మేనేజరు అడగలేదు.

గిర్నీ ఆయన ముప్పై తొమ్మిది రోజులు దవాఖానాలో ఉండి, ఆగస్టు 21న ఇంటికి వెళ్లాడు. ఫైలు మూసివేయడానికి రోగి స్వయంగా వచ్చి నాలుగు ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. సెప్టెంబరు 4, సోమవారం ఆయన వచ్చాడు. మెట్ల మధ్య రెండుసార్లు ఆగాడు. కుర్తా లోపల కట్టు తెల్లగా కనిపిస్తోంది. నేను ఆయనను దగ్గరగా చూడటం అదే మొదలు. కుర్చీ వేశాను. కూర్చొని, జేబులోంచి మడిచిన కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఉర్దూలో రాసి ఉంది.

“నోటితోని ఒక్క మాట చెప్ప సారూ. అన్ని రాసుకొచ్చిన.”

నాకు ఉర్దూ రాదు. అటెండరును పిలిచాను. అతను కళ్లకు దగ్గరగా పెట్టుకొని చదువుతుంటే, ఒక్కొక్క జవాబునూ తెలుగులో రాసి ఆయనకు చదివి వినిపించాను. ఆపరేషను తేదీ, దవాఖానా పేరు, ఇంటికి వెళ్లిన తేదీ. నాలుగో ప్రశ్న, ప్రస్తుత ఆరోగ్యం ఎలా ఉంది. అటెండరు చదివాడు. నేను రాసి వినిపించాను: “పూర్తిగా కోలుకున్నాను.”

ఆయన చెయ్యెత్తాడు. “గట్లుందా నా కాగితంల?”

అటెండరు మళ్లీ చూశాడు. “‘నడుస్తున్న’ అని ఉంది సారూ.”

“నడుస్తున్న అన్న. కోలుకున్న అనలె,” అన్నాడు గిర్నీ ఆయన. “రేపు మల్ల నొప్పి లేస్తే గీ కాగితమే సూపెడ్తరు.”

నిజమే. అందుకే ఆ ఫారాల మీద అందరి చేతా ఆ మాటే రాయించేవాళ్లం. నా చెయ్యి నన్ను అడగకుండానే రాసింది. కొట్టేశాను. పైన ‘నడుస్తున్నాను’ అని రాశాను. కొట్టివేత పక్కన నేను సంతకం చేసి, కలం ఆయన వైపు తిప్పాను. ఆయన వెంటనే అందుకోలేదు. కొట్టేసిన మాట ఇంకా చదవడానికి వస్తుందేమోనని కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, అటెండరు చేత ఇంకోసారి చదివించుకొని, అప్పుడు సంతకం చేశాడు.